కట్టెల ఓవెన్ కట్టబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇటుకల ఓవెన్ కడతానని రాస్తూ, ప్రశ్నలన్నీ గుమ్మటం గురించే అడిగావు. చూపరుల కళ్లు గుమ్మటం మీదే పడతాయి గాని, ఓవెన్ మంచిచెడ్డలు దాని అడుగునా పైనా కనబడకుండా ఉండే పొరల్లోనే తేలతాయి కనుక ముందు వాటి సంగతి చెబుతాను.

కాంక్రీటు పలక మీద నేరుగా ఇటుకలు పరిస్తే మంట వేడంతా ఆ పలకలోకి దిగిపోయి, గుమ్మటం ఎంత కాగినా నేల మాత్రం కాగదు, కాల్చినదాని అడుగు పచ్చిగానే మిగులుతుంది. అందుచేత రెంటికీ మధ్య 5 పాళ్ల వర్మిక్యులైట్‌కు గాని పెర్లైట్‌కు గాని (రెండూ లోపల గాలి నిండిన తేలికపాటి ఖనిజపు గుళికలే) 1 పాలు సిమెంటు కలిపి, 10 సెంటీమీటర్ల మందాన పొర వెయ్యి. ఆ మిశ్రమాన్ని పిడికిట బిగిస్తే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు మాత్రం కారకూడదు. వేడిని ఆపేది అందులోని గాలే కాబట్టి దిమ్మిసతో అణగగొట్టకు.

ఓవెన్ నేలకు ఫైర్ బ్రిక్సే, అంటే ఎక్కువ వేడిని తట్టుకునే ఇటుకలే వాడు. వాటిని మాలుతో అతికించకుండా, ఇసుకా ఫైర్ క్లే (వేడిని తట్టుకునే బంకమట్టి) కలిపిన పలుచని పొర మీద మట్టంగా పరిస్తే, తరవాతెప్పుడైనా ఒక ఇటుక పగిలినా దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. గుమ్మటానికి ఉత్త సిమెంటు మాలు పనికిరాదు. 400 డిగ్రీలు దాటిన వేడి పదేపదే తగిలితే అది పొడిబారి రాలిపోతుంది. 3 పాళ్ల ఇసుకకు సిమెంటు, సున్నం, ఫైర్ క్లే ఒక్కొక్క పాలు చొప్పున కలుపుకో.

ద్వారం ఎత్తు లోపలి గుమ్మటం ఎత్తులో సుమారు 63 శాతం ఉండాలి, అంటే 45 సెంటీమీటర్ల గుమ్మటానికి 28. అంతకంటే ఎత్తయితే వేడి నిలవదు, తక్కువైతే మంటకు గాలి చాలదు. పొగగొట్టాన్ని గుమ్మటం నడినెత్తిన పెట్టమని ఎవరైనా చెబితే వినకు. ద్వారం కింది సగం నుంచి గాలి లోపలికి వెళ్లి, పై సగం నుంచి పొగ బయటికి వస్తుంది కాబట్టి, గొట్టం ద్వారానికి ముందు, బయటివైపే ఉండాలి.

వేడి బయటికి పోకుండా గుమ్మటం మీద సెరామిక్ ఫైబర్ దుప్పటి (వేడిని తట్టుకునే సన్నని పీచుతో చేసిన పరుపు) కప్పేటప్పుడు మాస్కూ చేతి తొడుగులూ తప్పనిసరి.

కట్టడం పూర్తయిందని ఆ రోజే పెద్ద మంట పెట్టావో, శ్రమంతా వృథా. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లు దాటుతుంది. ఆ ఆవిరికి దారి లేకపోతే ఇటుకల సందులు చీలతాయి. ఒక వారం పూర్తిగా ఆరనిచ్చి, మొదటిరోజు లోపలి వేడి 150 డిగ్రీలు మించకుండా చిన్నమంట వేసి, రోజుకు 50 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పో. వెచ్చగా ఉన్న గుమ్మటం మీద పాలిథిన్ పట్టా కప్పి చూడు: పట్టా లోపలివైపు నీటి బొట్లు పడుతున్నంతకాలం తడి మిగిలే ఉన్నట్టు. వెంట్రుక మందం బీటలు ఎంత జాగ్రత్తపడినా వస్తాయి, వాటికి దిగులుపడకు.

బయటి పూత ఆ బొట్లు ఆగాకే వెయ్యి. అప్పుడు కూడా శిఖరాన చిన్న గాలిగొట్టం ఒకటి వదిలి, వాన నీరు దిగకుండా దానికి మూత అమర్చు.

ఇట్లు,
నీ పెదనాన్న