మందు డోసు లెక్కల్లో కెరీర్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ మూడో సంవత్సరం. మందు ఎంత డోసులో పనిచేస్తుంది, ఎక్కడ వికటిస్తుంది అనే లెక్కల మీదే పని చేస్తానంటోంది. బంధువులేమో మెడికల్ షాపు పెట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆమె చెప్తున్నది థెరప్యూటిక్ ఇండెక్స్ గురించండీ. సగం మందికి హాని చేసే డోసును, సగం మందికి పనిచేసే డోసుతో భాగిస్తే వచ్చే అంకె అది. పెద్దదైతే నిశ్చింత, చిన్నదైతే టెన్షన్.

బైపోలార్ డిజార్డర్‌కి వాడే లిథియమే తీసుకోండి. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. 1.5 దాటితే వాంతులు, వణుకు, తూలడం మొదలవుతాయి. అందుకే రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి చూస్తారు. ఆ రక్తాన్ని పొరపాటున లిథియం హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే పదార్థం) ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులోకి తీశారనుకోండి, ట్యూబులోని లిథియం కూడా కలిసి రిపోర్టు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే, కుదురుగా ఉన్న మనిషికి జబ్బు తిరగబెట్టవచ్చు. ఇలాంటి తప్పు పట్టుకోవడంలో మీ అమ్మాయికి మజా ఉంటే ఈ రంగం ఆమెదే.

ఆసుపత్రి వైపు వెళ్లాలంటే బీఫార్మసీ తర్వాత మూడేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) పోస్ట్ బాకలారియేట్ కోర్సు ఉంది. మందు మార్కెట్‌కి రాకముందు జరిగే పరీక్షల మీద ఆసక్తి ఉంటే జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయన్న చదువు) గానీ, నైపర్ జేఈఈ ద్వారా బాలానగర్‌లోని హైదరాబాద్ నైపర్‌లో (కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ) ఫార్మకాలజీ అండ్ టాక్సికాలజీ (మందుల విషప్రభావాల చదువు) గానీ చేయవచ్చు. ఫార్మా కంపెనీల్లో, కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థల్లో, క్లినికల్ ట్రయల్స్‌లో పని ఉంటుంది.

ఒక్క మాట. టాక్సికాలజీ అంటే ఎలుకల గొంతులోకి సన్నని గొట్టంతో మందు ఎక్కించడం, తర్వాత వాటిని కోసి లివర్ చూడడం. కొందరు పిల్లలు సీటు వచ్చాక ఇది చూసి వెనక్కి తగ్గుతారు. ముందే ప్రయోగాల ఎలుకల్ని ఉంచే యానిమల్ హౌస్ ఒకటి చూపించండి.

స్టాటిస్టిక్స్ మాత్రం వదలొద్దనండి. ఇండెక్స్ ఒకటే ఉన్న రెండు మందుల్లో ఒకటి క్షేమం, ఇంకోటి ప్రమాదం కావచ్చు, డోసు పెరిగేకొద్దీ ఎంతమందిలో ప్రభావం కనిపిస్తుందో చూపే గ్రాఫు ఏటవాలుని బట్టి. అందుకే 99 శాతం మందికి పనిచేసే డోసునీ, ఒక శాతానికి హాని చేసే డోసునీ పోల్చి చూస్తారు.

షాపు అంటారా, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకుంటూ ఉంటే పదేళ్ల తర్వాతైనా పెట్టుకోవచ్చు.