ఫార్మాట్ కొట్టకముందు లినక్స్‌లో నెట్ ఎక్కడ తెగిందో చూడండి

మీరు అడిగింది ఇది: ఇంట్లో డెస్క్‌టాప్‌లో ఉబుంటు ఉంది, రాత్రి అప్‌డేట్ చేసి పడుకున్నారు, పొద్దున ఆన్ చేస్తే నెట్ లేదు. ఫోన్‌లో అదే వైఫై బాగానే వస్తోంది. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని.

వద్దండి, అప్పుడే ఆ పని చేయకండి. నేను ఒకసారి చేశాను. చేస్తే నెట్ వచ్చింది కూడా. అయినా ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

ఫైళ్లు దాచుకోవడానికి నా దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉండేది. డెస్క్‌టాప్ ఏదీ లేకుండా ఉత్త డెబియన్ (ఉబుంటు లాంటిదే ఇంకో లినక్స్) వేసి, కేబుల్‌తో రౌటర్‌కి కలిపాను. ఒకరోజు దానికి గ్రాఫిక్స్ కార్డు బిగించి ఆన్ చేస్తే నెట్ పోయింది. కేబుల్ మార్చాను. రౌటర్‌లో వేరే పోర్టుకి పెట్టాను. రౌటర్‌ని రీసెట్ చేసి ఇంట్లో మిగతావాళ్ల నెట్ కూడా కాసేపు పోగొట్టాను. చివరికి విసుగొచ్చి డెబియన్ మళ్లీ వేస్తే అంతా సరిగ్గా పనిచేసింది. సిస్టమ్ ఫైలేదో పాడై ఉంటుందనుకుని ఊరుకున్నాను. కొన్ని నెలలకి ఆ కార్డు తీసేశాను. మళ్లీ నెట్ పోయింది! ఈసారి మాత్రం ఫార్మాట్ జోలికి పోకుండా కూర్చుని చూశాను.

అసలు సంగతి పేరులో ఉంది. ఒకప్పుడు లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డుల్ని ఈటీహెచ్0, ఈటీహెచ్1 అనేవాళ్లు. కెర్నల్‌కి, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ అసలు భాగానికి, ఏ కార్డు ముందు కనబడితే దానికి 0. 2013లో సిస్టమ్‌డీ (లినక్స్ మొదలయ్యేటప్పుడు మిగతా సేవల్ని లేపే ప్రోగ్రామ్) 197వ వెర్షన్ నుంచి, కార్డు ఎక్కడ బిగించి ఉందో దాన్నిబట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. ఈఎన్‌పీ3ఎస్0 అంటే పీసీఐ (కంప్యూటర్ లోపల కార్డులు బిగించే ఏర్పాటు) మూడో బస్సులో, అంటే మూడో నంబరు దారిలో, సున్నా స్లాట్‌లో ఉన్న ఈథర్‌నెట్ (కేబుల్ నెట్) కార్డు. నేను గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే బస్సుల లెక్క జరిగి, 3 కాస్తా 4 అయింది. సెట్టింగుల ఫైల్లో మాత్రం పాత పేరే ఉంది. లేని కార్డుని లేపాలని సిస్టమ్ ప్రయత్నిస్తోంది, ఉన్న కార్డు ఖాళీగా కూర్చుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇన్‌స్టాలర్ కొత్త పేరు రాసుకుంది కాబట్టి నెట్ వచ్చింది. అంటే ఒక్క అంకె మారిస్తే పోయేదానికి నేను సిస్టమ్ మొత్తం చెరిపాను, పైగా కారణం నాకు తెలియకుండానే మిగిలిపోయింది.

మీ దగ్గర జరిగింది బహుశా ఇది కాదు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ఇలాంటి పేర్ల మార్పుల్ని చాలావరకు సర్దుకుంటుంది. అప్‌డేట్ అయిన మర్నాడే పోయిందంటే నా అనుమానం కెర్నల్ మీద. కొత్త కెర్నల్ వచ్చింది, మీ వైఫై కార్డు డ్రైవర్ (కార్డుని నడిపే ప్రోగ్రామ్) దానికి తగ్గట్టు తయారు కాలేదు. బ్రాడ్‌కామ్ కార్డుల్లోనూ కొన్ని రియల్‌టెక్ కార్డుల్లోనూ ఇది బాగా కనిపిస్తుంది, ఎందుకంటే వాటి డ్రైవర్లు చాలాసార్లు కెర్నల్‌లో ఉండవు. విడిగా వేసుకోవాలి, కెర్నల్ మారినప్పుడల్లా దానికి తగ్గట్టు మళ్లీ తయారు చేసుకోవాలి.

దీన్ని తేల్చుకోవడానికి ఏమీ మార్చనక్కర్లేదు. రీస్టార్ట్ చేసేటప్పుడు ఎస్కేప్ నొక్కితే ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది, పాత బయాస్ మెషీన్ అయితే షిఫ్ట్ పట్టుకోవాలి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, పై నుంచి రెండో కెర్నల్ వెర్షన్ ఎంచుకోండి, రికవరీ మోడ్ అని ఉన్నది మాత్రం వద్దు. ఉబుంటు మామూలుగా వెనకటి కెర్నల్‌ని ఉంచుతుంది. దాంతో నెట్ వస్తే మీ కార్డు బాగుంది, రౌటర్ బాగుంది, సెట్టింగులూ బాగున్నాయి. డ్రైవర్ ఒక్కటే మళ్లీ వేసుకోవాలి, అప్పటిదాకా పాత కెర్నల్‌తోనే నడిపించుకోవచ్చు. పాతదాంట్లో కూడా నెట్ రాకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చే సెట్టింగు) ఆన్ చేయండి. చాలా ఫోన్లకి లినక్స్‌లో విడిగా డ్రైవర్ అవసరం ఉండదు, కావలసిన ప్యాకేజీలు ఆ నెట్‌తోనే దించుకోవచ్చు.

కెర్నల్ కాదని తేలితే అప్పుడు కార్డు దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ బయటికి నడవాలి. టెర్మినల్ తెరిచి ఐపీ లింక్ (ip link) అని కొట్టండి, ఆదేశాలన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. ఎల్ఓ (lo) అనేది ఎప్పుడూ ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. అదొక్కటే కనిపిస్తే సిస్టమ్‌కి మీ కార్డు కనబడటం లేదు, మళ్లీ డ్రైవర్ సంగతే చూడాలి. కేబుల్ కార్డు పక్కన నో క్యారియర్ అని ఉంటే తీగలోనో పోర్టులోనో తేడా. వైఫై అయితే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list) అని కూడా కొట్టి చూడండి. హార్డ్ బ్లాక్డ్ దగ్గర యెస్ అని ఉంటే ఎక్కడో స్విచ్ ఆఫ్‌లో ఉంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తీయలేరు.

తర్వాత ఐపీ ఏ (ip a) అని కొట్టండి. మీ కార్డు కింద ఐనెట్ వరుసలో చిరునామా లేకపోయినా, 169.254తో మొదలైనా, రౌటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. చిరునామా బాగుంటే ఐపీ రూట్ (ip route) అని కొట్టండి. డిఫాల్ట్ అనే వరుసలో ఉన్నది మీ రౌటర్. ఆ వరుస లేకపోతే బయటికి దారే లేదు. వీపీఎన్ వాడేవాళ్లకి అది సరిగ్గా ఆగకపోతే ఇక్కడే చిక్కు పడుతుంది.

ఇప్పుడు ముందు రౌటర్‌ని, తర్వాత 8.8.8.8ని (అది గూగుల్ డీఎన్ఎస్ సర్వర్), ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుని పింగ్ చేయండి, అంటే ping అని కొట్టి పక్కన ఆ చిరునామా రాసి జవాబు వస్తుందేమో చూడండి. ఈ వరుస మార్చకండి. అంకెకి జవాబు వచ్చి పేరుకి రాకపోతే నెట్ ఉన్నట్టే, పోయింది డీఎన్ఎస్, అంటే సైట్ల పేర్లని అంకెల చిరునామాలుగా మార్చే ఏర్పాటు, మాత్రమే. ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా ఒకటి ఉంది: డీఎన్ఎస్ సర్వర్ చిరునామా ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ (resolv.conf) ఫైల్ తెరిచి అందులో 8.8.8.8 రాసేయమంటారు. నాకు అది నచ్చదు. ఆ ఫైల్లో 127.0.0.53 కనిపిస్తే కంగారుపడొద్దు, ఉబుంటులో అది ఉండాల్సినదే. పేర్లు వెతికే సేవ మీ కంప్యూటర్‌లోనే నడుస్తోందని దాని అర్థం. అసలు ఏ సర్వర్‌ని అడుగుతోందో రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ (resolvectl status) అనే ఆదేశం చెప్తుంది. తప్పు సర్వర్ ఉంటే నెట్‌వర్క్ సెట్టింగుల్లో మార్చండి, ఆ ఫైల్లో చేత్తో రాసింది ఎక్కువకాలం నిలవదు.

ఇంకొక్కటి. అదే కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉంటే, అందులో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది కంప్యూటర్‌ని పూర్తిగా ఆపదు, కొన్ని కార్డులు ఆ సగం నిద్రలో లినక్స్‌కి లొంగవు. ఆఫ్ చేసి పూర్తిగా షట్‌డౌన్ చేశాక మళ్లీ ప్రయత్నించండి.

ఇవన్నీ చూశాక కూడా దొరక్కపోతే మూడు సంగతులు రాయండి: ఐపీ లింక్ ఏం చూపించింది, పాత కెర్నల్‌తో నెట్ వచ్చిందా లేదా, పింగ్ ఎక్కడిదాకా వెళ్లి ఆగింది. మీ వైఫై కార్డు పేరు ఎల్ఎస్‌పీసీఐ (lspci) ఆదేశంలో దొరుకుతుంది, యూఎస్‌బీ కార్డు అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీలో (lsusb). అది కూడా చెప్తే ఏ డ్రైవర్ వేయాలో చూద్దాం.