నాయనమ్మ నరకంలో ఉందా?

ప్రశ్న: మాది హిందూ కుటుంబం. ఆరేళ్ళ క్రితం అమ్మ, నేను బాప్తిస్మం తీసుకున్నాం. నన్ను పెంచిన నాయనమ్మ మాత్రం చివరిదాకా తులసికోటకు నీళ్ళు పోస్తూనే ఉంది, పోయిన నెల చనిపోయింది. మమ్మల్ని ఆదరించడానికి ప్రార్థనకు వచ్చిన ఒకాయన "రక్షణ లేకుండా పోయింది, ఇక నిత్యం అగ్నిలోనే" అన్నారు. అప్పట్నుంచి నిద్ర లేదు. నిజంగా అంతేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆదరించడానికి వచ్చి అన్న మాటా అది! ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని తేల్చి చెప్పే పని బైబిలు ఏ విశ్వాసికీ అప్పగించలేదమ్మా. కాథలిక్ సంఘం ఎంతోమందిని పునీతులని ప్రకటించింది గానీ, నరకంలో ఉన్నారని ఇంతవరకు ఒక్కరి పేరూ ప్రకటించలేదు, యేసును పట్టించిన ఇస్కరియోతు యూదాతో సహా.

మనకు నరకం అనగానే కళ్ళముందుకొచ్చేది యమభటులు, కాగే నూనె. అవి గరుడ పురాణం లాంటి వాటిలోవి, పైగా అక్కడ శిక్షకు ముగింపు ఉంది, కర్మ తీరితే మళ్ళీ జన్మ. కరపత్రాల మీద బొమ్మలేసేవాళ్ళు ఆ నూనె మూకుడు అరువు తెచ్చుకుని దానికి 'నిత్యం' అనే మాట తగిలిస్తారు, ఇక ఎవరికి నిద్ర పడుతుంది చెప్పండి.

మన తెలుగు బైబిల్లో రెండు వేరే మాటలున్నాయి. చనిపోయినవాళ్ళు చేరే చోటు పాతాళం. 139వ కీర్తనలో భక్తుడు, నేను పాతాళంలో పండుకున్నా నీవు అక్కడా ఉన్నావు అంటాడు దేవుడితో. ఈ రాత్రి అది ఒక్కసారి చదవండి. యేసు నోట వచ్చిన నరకం మాత్రం గెహెన్నా, అంటే యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. ఒకప్పుడు అక్కడ పిల్లల్ని అగ్నిలో కాల్చేవారని యిర్మీయా 7లో ఉంది. (ఊరి చెత్త తగలబెట్టే చోటని ప్రసంగాల్లో వింటుంటాం, ఆ మాట యేసు తర్వాత వెయ్యేళ్ళు దాటాక రాసిన ఒక యూదు పండితుడి దగ్గర కనిపిస్తుంది, నాకైతే నమ్మకం లేదు.) ఆ నరకం మాట యేసు ఎవరితో అన్నాడో చూడండి. శిష్యులతో, శాస్త్రులతో, పరిసయ్యులతో, అంటే భక్తి మా సొత్తు అనుకునేవాళ్ళతోనే ఎక్కువ.

మరి నమ్మకుండా పోయినవాళ్ళ సంగతేంటి? సంఘాలన్నీ ఒక మాట మీద లేవు, దాచడం ఎందుకు. యోహాను 14:6 చూపించి, బతికుండగా యేసును నమ్మనివారికి రక్షణ లేదని బాప్టిస్టు, పెంతెకోస్తు బోధకులు చాలామంది చెబుతారు. మీ ఇంటికొచ్చినాయన అలాంటి బోధలోనే పెరిగి ఉంటారు. 1964లో కాథలిక్ సంఘపు రెండో వాటికన్ మహాసభ మాత్రం, తమ తప్పేమీ లేకుండా సువార్త ఎరగనివారు మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికితే రక్షణ పొందవచ్చని రాసింది. సెవెంత్ డే అడ్వెంటిస్టులకైతే అంతులేని మంట అనేదే లేదు, దుష్టులు చివరికి లేకుండా పోతారంతే.

ఇంట్లో రోజూ పాటలు, ప్రార్థనలు వినిపిస్తుంటే ఎరగకపోవడమేంటి అని మీ ఇంటికొచ్చినాయన అడగొచ్చు. చెవిన పడినదంతా మనసుకు ఎక్కిందో లేదో మీకూ తెలీదు, ఆయనకూ తెలీదు. ఆదికాండం 18లో అబ్రాహాము, సొదొమ పట్టణంలో నీతిమంతులుంటే దాన్ని నాశనం చేయొద్దని యాభైమంది నుంచి పదిమంది దాకా దేవుడితో బేరమాడాడు, లోకానికంతటికీ తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని నిలదీశాడు, దేవుడు ఒక్కసారి కూడా కసురుకోలేదు. నాయనమ్మ కోసం మీరూ అలాగే అడగండి. నేనైతే మా తాతయ్య కోసం ఇప్పటికీ అడుగుతుంటాను.

ప్రశ్న: నాది మొబైల్ షాపు. బాప్తిస్మం తీసుకున్నా బేరంలో అబద్ధాలు మానలేకపోతున్నాను. మొన్న పాత బ్యాటరీ కొత్తదని చెప్పి వేశాను. రక్షణ పోయినట్టేనా? ఒకటే టెన్షన్.
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: వచ్చిన రక్షణ పోతుందా పోదా అని పోదనే కాల్విన్ దారివాళ్ళు, పోవచ్చనే వెస్లీ దారివాళ్ళు వందల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు తమ్ముడూ, అది మీ షాపులో తేలదు. లూకా 19లో జక్కయ్య కూడా జనం డబ్బు తిన్నవాడే. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాకే, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నాడు. ఆ కస్టమర్ నంబర్ మీ బిల్లు బుక్కులో ఉండే ఉంటుంది. ఫోన్ చేసి పిలిచి బ్యాటరీ మార్చండి, డబ్బులు అడక్కండి.