కంపెనీలు పోటీ పడితే కరెంటు బిల్లు తగ్గుతుందా? మేనకోడలికి మామయ్య లేఖ

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మేడ మీద సోలార్ పెట్టిద్దామని నువ్వంటే, అల్లుడేమో "రెండేళ్లు ఆగుదాం, కరెంటులోకి కూడా ప్రైవేటు కంపెనీలు వస్తాయట, సెల్‌ఫోన్ చార్జీలు తగ్గినట్టే ఇవీ తగ్గుతాయి" అంటున్నాడని రాశావు. నా మాట ముందే చెప్పేస్తున్నాను: ఆగొద్దు. ఎందుకో వివరంగా రాస్తాను. కరెంటాఫీసు రెవెన్యూ సెక్షన్లో పని చేసి రిటైరైనవాణ్ని కాబట్టి లెక్కలు కాస్త ఎక్కువే ఉంటాయి. ఇద్దరూ కూర్చుని ఓపిగ్గా చదవండి.

అల్లుడు చెప్పింది గాలి వార్త కాదు. ఒకే ఊళ్లో ఒకే తీగ మీద ఒకటి కంటే ఎక్కువ కంపెనీలు కరెంటు అమ్ముకునేలా చట్టం మార్చే బిల్లు 2022 ఆగస్టు 8న లోక్‌సభకు వచ్చింది. పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది, ఆ లోక్‌సభతోపాటే 2024లో మురిగిపోయింది. 2025లో కేంద్రం మళ్లీ ముసాయిదా తెచ్చింది. కాబట్టి ఏదో ఒక రోజు రావచ్చు. వచ్చినా మీ ఇంటి బిల్లులో ఎంత తేడా వస్తుందన్నదే చూడాలి.

సెల్‌ఫోన్‌తో పోల్చడం దగ్గరే చిక్కు. ఫోన్ కంపెనీ తన నెట్‌వర్క్ తాను వేసుకుంటుంది. కరెంటుకు అలా కుదరదు. తిరుపతిలో మీ కొర్లగుంట వీధిలో స్తంభాలు అవే, ట్రాన్స్‌ఫార్మరు అదే. రెండో కంపెనీ వచ్చినా ఆ తీగ మీదే పంపాలి, దానికి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించిన అద్దె కట్టాలి. ఇక కరెంటు కొనే ఖర్చు చూడు. డిస్కం, అంటే మనకు కరెంటు పంచే సంస్థ, ఖర్చులో దాదాపు ముప్పావు వంతు కరెంటు కొనడానికే పోతుంది. అందులో ఎక్కువ భాగం ఎన్నో ఏళ్ల క్రితం రాసుకున్న దీర్ఘకాలిక ఒప్పందాల కింద వచ్చేదే. ఆ ఒప్పందాల కరెంటును కొత్త కంపెనీలూ పంచుకోవాలని 2022 బిల్లులోనే ఉంది. అంటే దాదాపు అదే కరెంటు, అదే ధర, అదే తీగ. పోటీ పడడానికి మిగిలేది బిల్లులు వేయడం, వసూళ్లు, కస్టమర్ సర్వీసు, కొంత లాభం. వీటిలో ఎంత పొదుపు చేసినా యూనిట్‌కు పైసల్లోనే తేడా వస్తుంది. కాలం గడిచేకొద్దీ తెలివిగా కరెంటు కొనే కంపెనీ కొంచెం చవగ్గా ఇవ్వగలదు, నిజమే. దానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు మీ బిల్లు తీసుకుందాం. ఎండాకాలంలో 320 యూనిట్లు వచ్చాయన్నావు. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75. కూడితే ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్లకు పడేది, 1,848 రూపాయలు. అందులో 225 దాటిన చివరి 95 యూనిట్లకే 831 రూపాయలు పోతున్నాయి. రేపు ఏ కంపెనీ వాళ్లో వచ్చి యూనిట్‌కు 20 పైసలు తగ్గిస్తామన్నారనుకో, నెలకు నీకు మిగిలేది 64 రూపాయలు. అదే ఏసీ కాస్త చూసి వాడి, పాత ఫ్రిజ్ సంగతి తేల్చి 40 యూనిట్లు తగ్గించావనుకో, ఆ తగ్గేవి పై శ్లాబులోవి కాబట్టి 350 రూపాయలు మిగులుతాయి. కంపెనీ మారితే వచ్చేదానికి ఇది అయిదింతలకు పైనే.

ఇంకో సంగతి. మొదటి యూనిట్లు 1.90కే ఎలా వస్తున్నాయనుకుంటున్నావు? ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ కొంత. బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జీలు, హోటళ్లు, షాపులు మనకంటే ఎక్కువ రేటు కట్టడం వల్ల కొంత. కొత్త కంపెనీ వస్తే ముందు ఆ లాడ్జీల తలుపే తడుతుంది. నెలకు 60 యూనిట్లు వాడే ఇంటికి ఎవరూ పరిగెత్తుకు రారు. ఎక్కువ కట్టేవాళ్లు వెళ్లిపోతే ఆ లోటు మిగిలినవాళ్ల మీద పడుతుంది. అందుకే 2003 విద్యుత్ చట్టం పెద్ద వాడకందార్లకు బయటినుంచి కొనుక్కునే వీలిస్తూనే, వాళ్ల మీద ఆ లోటు పూడ్చే అదనపు రుసుము, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి, పెట్టింది.

ఇది ఊహ కాదు, ముంబైలో జరిగింది. అక్కడ ఒకే ప్రాంతంలో రెండు కంపెనీలు ఇళ్లకు అమ్మవచ్చని 2008 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2009లో మహారాష్ట్ర కమిషన్, ఒక కంపెనీ తీగ మీద రెండో కంపెనీ కరెంటు తెప్పించుకోవచ్చంది. జనం మారారు, కొన్నాళ్లు లాభపడ్డారు కూడా. ఎక్కువ వాడేవాళ్లు వెళ్లిపోతే పాత కంపెనీలో ఉండిపోయినవాళ్ల గతేమిటన్న గొడవ వెంటనే మొదలైంది. 2011లో మారినవాళ్ల మీద సర్‌చార్జి పడింది. ధరలో ఉన్న తేడాను అది చాలా వరకు తినేసింది.

ఇంగ్లండ్ కథ ఇంకా పాతది. 1999 నాటికే అక్కడ ప్రతి ఇల్లూ తనకిష్టమైన కంపెనీని ఎంచుకోవచ్చు. అయినా 2016లో అక్కడి పోటీ వ్యవహారాల సంస్థ విచారణ చేస్తే, పెద్ద కంపెనీల గృహ వినియోగదారుల్లో దాదాపు 70 శాతం మంది ఖరీదైన మామూలు రేటులోనే ఉండిపోయారని తేలింది. పోటీ సరిగ్గా ఉంటే కట్టాల్సినదానికంటే కరెంటు, గ్యాస్ కలిపి ఏడాదికి 140 కోట్ల పౌండ్లు జనం ఎక్కువ కడుతున్నారని లెక్క తేల్చారు. ఏటా మారేవాళ్లకు చవక రేటు, నమ్మకంగా ఉన్నవాళ్లకు ఎక్కువ రేటు. నాకు దీనిమీదే బాధ. ఉండిపోయేవాళ్లలో మీ అమ్మమ్మ లాంటి పెద్దవాళ్లు, కంప్యూటర్ ముందు కూర్చుని రేట్లు పోల్చుకోలేనివాళ్లు ఉంటారు. చివరికి ప్రభుత్వమే 2019 జనవరి నుంచి రేటుకు పైపరిమితి పెట్టాల్సి వచ్చింది. 2021లో కరెంటు తయారీకి వాడే గ్యాస్ ధర ఒక్కసారిగా పెరిగేసరికి, ముందుగా కరెంటు కొని పెట్టుకోకుండా చవక రేట్లిచ్చిన చిన్న కంపెనీలు వరసగా మూతపడ్డాయి. దాదాపు 30 కంపెనీలు. ఆ ఖర్చునూ అందరి బిల్లుల మీదే పంచారు.

ఇక మీ బావ సంగతి నీకు తెలిసిందే కదా. టెక్సాస్‌లో 2002 నుంచి చాలా ఊళ్లలో ఇలాంటి ఎంపిక ఉంది. డల్లాస్ వెళ్లిన కొత్తలో వాడు 12 నెలల ప్లాన్ తీసుకున్నాడు. గడువు అయిపోయిందని పని హడావిడిలో చూసుకోలేదు. కంపెనీ వాడిని నెలనెలా మారే రేటులోకి నెట్టేసింది, బిల్లు చూసి ఫోన్ చేశాడు. ఇప్పుడు గడువుకు నెల ముందే ఫోన్లో అలారం పెట్టుకుంటున్నాడు. వాడు అక్కడికి వెళ్లకముందు 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు హోల్‌సేల్ ధర యూనిట్‌కు 9 డాలర్లకు పోయింది. ఆ ధరను ఉన్నదున్నట్టు ఇళ్లకు వేసే గ్రిడ్డీ అనే కంపెనీ వినియోగదారులకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మామూలు రోజుల్లో వాళ్లు చవగ్గా కట్టినవాళ్లే.

కాబట్టి మన తిరుపతిలోనూ ఎప్పుడైనా ఎవరైనా ప్లాన్ అమ్మడానికి మీ గడప దగ్గరికి వస్తే, రేటు ఎంత అని ముందు అడగకు. ఆ రేటు ఎన్ని నెలలు కదలకుండా ఉంటుందో అడుగు. గడువు తర్వాత ఏ రేటు పడుతుందో కాగితం మీద చూపించమను. మధ్యలో మానేస్తే కట్టాల్సిందేమిటి, నెలనెలా స్థిర చార్జీ ఎంత అన్నది తేల్చుకో. "వెయ్యి యూనిట్లు దాటితే ఇంత తగ్గింపు" లాంటివి టెక్సాస్‌లో చాలా ఉన్నాయి. అవి ఎక్కువ వాడేవాళ్లకు తప్ప పనికిరావు. మీ 12 నెలల యూనిట్లు వేసి, ఏడాది మొత్తానికి ఎంతవుతుందో లెక్క కట్టి చూడు. హోల్‌సేల్ ధరతోపాటు మారే ప్లాన్ జోలికి మాత్రం వెళ్లొద్దు. నెల జీతం మీద నడిచే ఇల్లు అలాంటి దెబ్బ తట్టుకోలేదు. ఇంకోటి గుర్తుపెట్టుకో: అర్ధరాత్రి కరెంటు పోతే వచ్చేది తీగ ఎవరిదైతే వాళ్ల లైన్‌మనే. అమ్మిన కంపెనీ వాడు రాడు.

అంతవరకూ మన చేతిలో ఉన్నవి చేద్దాం. బిల్లులో ఇంధన సర్దుబాటు (కరెంటు కొనే ఖర్చు పెరిగితే వేసేది), ట్రూ అప్ (పాత ఏళ్ల లోటును తర్వాత వసూలు చేసేది) అని పడేవాటిని విడిగా చూడు. ఇంధన సర్దుబాటు కింద డిస్కంలు యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా తీసుకోవచ్చు. ఏటా నవంబరు చివరికి డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు కమిషన్‌కు ఇస్తాయి. వాటి మీద ఎవరైనా అభ్యంతరం రాయవచ్చు. రైతు సంఘాలు, పరిశ్రమల వాళ్లు తప్ప మన లాంటి ఇళ్లవాళ్లు రాయడం తక్కువ. డిస్కం ప్రధాన కార్యాలయం తిరుచానూరు రోడ్డులోనే ఉంది, మీకు దూరమేం కాదు. ఈసారి నువ్వు రాయి, ముసాయిదా నేను దిద్ది పెడతాను. మీటర్ మీద అనుమానముంటే 1912కు ఫోన్ చెయ్యి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానికి లాయరు అక్కర్లేదు.

సోలార్ విషయంలో ఒక్కటే జాగ్రత్త. మూడు కిలోవాట్లకు పోవాలని షాపువాడు ఒత్తిడి చేస్తాడు. పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లకు 60,000, మూడింటికి 78,000 సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వేసుకో, రెండు కిలోవాట్లు నెలకు 240 యూనిట్లిస్తాయి. మీ 320లో 80 మిగులుతాయి, వాటికి ఎనర్జీ చార్జీ 215 రూపాయల లోపే. సోలార్ ముందు కొట్టేది 8.75, 6 రూపాయల యూనిట్లనే. మూడో కిలోవాట్ తీసేది 1.90, 3 రూపాయల యూనిట్లను, దాని ఖర్చు తిరిగి రావడం కష్టం. మిగులు గ్రిడ్‌కు పంపినా ఇచ్చే రేటు తక్కువే. ఇంకో ఏసీ కొనే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటర్ ఆలోచనో ఉంటే చెప్పు, అప్పుడు లెక్క మారుతుంది.

పోయిన ఏడాది బిల్లులన్నీ ఫొటోలు తీసి పంపు, చలికాలం నెలలవి కూడా. మేడ మీద మధ్యాహ్నం పక్కింటి వాటర్ ట్యాంకు నీడ ఎక్కడిదాకా పడుతుందో అల్లుణ్ని ఒకసారి ఎక్కి చూడమను. అది తెలిస్తే ప్యానెళ్లు ఎటు పెట్టించాలో చెబుతాను. అక్కయ్యను, పిల్లల్ని అడిగానని చెప్పు.

మీ మామయ్య,
చిత్తూరు