డాక్టర్ సలహా: ప్యాడు నిక్కరు మందంగా ఉంటే చాలదు

ప్రశ్న: నా వయసు 44. బరంపురంలో ఉద్యోగం. ఏడాదిగా రోడ్డు సైకిలు తొక్కుతున్నాను. ఆదివారాలు మిత్రులతో కలిసి దిగపహండి మీదుగా తప్తపాణి వేడినీళ్ల గుండం దాకా వెళ్లి వస్తాను. రానుపోను దాదాపు వంద కిలోమీటర్లు. రెండు నెలలుగా కూర్చునే చోట సెగ్గడ్డలు లేస్తున్నాయి, గజ్జలు ఒరుసుకుపోతున్నాయి. ఆన్‌లైన్‌లో దొరికినవాటిలో అన్నిటికంటే మందంగా ఉన్న జెల్ ప్యాడు నిక్కరు తెప్పించాను. లోపల డ్రాయరు వేసుకుంటాను. సీటుకు కూడా జెల్ కవరు తొడిగాను. పుండ్లు తగ్గకపోగా ఇప్పుడు గంట తొక్కేసరికి ముందువైపు తిమ్మిరెక్కుతోంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. జనవరిలో 200 కిలోమీటర్ల రైడుకు పేరిచ్చాను. ఎలాంటి నిక్కరు కొనాలి?

జవాబు: మీ ఉత్తరంలో బాధలు మూడున్నాయి. ఒరిపిడి ఒకటి, సెగ్గడ్డలు ఒకటి, తిమ్మిరి ఒకటి. మొదటి రెండింటికీ నిక్కరుతో సంబంధం ఉంది. మూడోదానికి దాదాపు లేదు. మీరు మాత్రం మూడింటికీ కలిపి ఒకటే మందు వేశారు, మెత్తదనం. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందుగా ఆ డ్రాయరు తీసేయండి. ప్యాడు నిక్కరు లోపల ఏమీ వేసుకోకూడదు. నా దగ్గరకు వచ్చే సైకిలు మిత్రుల్లో సగం మంది ఈ మాట వినగానే ముఖం అదోలా పెడతారు. కానీ ఆ నిక్కరు కుట్టిందే ఒంటికి నేరుగా తగిలేలా. డ్రాయరుకు తొడ సందున కుట్టు ఉంటుంది. నూలు బట్ట చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది. తడిసిన కుట్టు మీద మీ బరువంతా మోపి, నిమిషానికి ఎనభైసార్లు కాలు ఆడిస్తూ నాలుగు గంటలు తొక్కితే చర్మం నిలుస్తుందా? ఎంత ఖరీదైన ప్యాడు కొన్నా దానికీ మీకూ మధ్య డ్రాయరు ఉంటే ఆ డబ్బు దండగే. టీ కొట్టు దగ్గర బిగుతు నిక్కరుతో దిగడానికి మొహమాటం అనిపిస్తే పైన వదులు నిక్కరు తొడుక్కోండి, లోపల కాదు.

ఇక ప్యాడు సంగతి. పూర్వం సైకిలు పందేల వాళ్లు నిక్కరు లోపల షామీ అనే కొండమేక జాతి జంతువు తోలు కుట్టించుకునేవారు. ఇప్పుడు తోలు లేదు, నురుగు పదార్థం వచ్చింది, అయినా ప్యాడును షామీ అనే పిలుస్తున్నారు. ఆ తోలు వేసింది మెత్తదనం కోసం కాదు. అది పల్చగా, నునుపుగా, కుట్టు లేకుండా ఉంటుంది కనుక ఒరుసుకోకుండా కాపాడేది. ఇప్పటి ప్యాడు ముఖ్యమైన పని కూడా అదే.

మందం వేరు, చిక్కదనం వేరు. దుకాణంలో ప్యాడును బొటనవేలితో గట్టిగా అదిమి చూడండి. వేలు అడుగుదాకా దిగిపోయి, అవతలి వైపు పెట్టిన చూపుడువేలు తగిలితే అది గంట ప్రయాణానికి పనికొచ్చే సరుకు. వేలు కొంత దిగి ఆగిపోయి, తీయగానే ప్యాడు నింపాదిగా పైకి లేస్తే అది దూరప్రయాణానికి పనికొస్తుంది. తయారీదారులు నురుగు సాంద్రతను ఘనపు మీటరుకు కిలోల్లో చెబుతారు. గంటలకొద్దీ తొక్కేవారికి కూర్చునే ఎముకల (పిరుదుల్లో బరువు మోసే రెండు ఎముకలు) కింద 80 నుంచి 120 దాకా ఉన్నది చూసుకోవచ్చు. పట్టుచీరలు నేసే ఊళ్లో ఉంటూ చిక్కటి నేత ఏదో, వట్టి ఉబ్బరం ఏదో వేలితో పట్టి తెలుసుకోవడం మీకు నేను నేర్పనక్కర్లేదు.

మరీ మందమైన మెత్తటి ప్యాడు చేసే హాని ఏమిటంటే, దానిలో ఎముకలు కూరుకుపోతాయి. ఎముకలు దిగబడినకొద్దీ వాటి మధ్య ఉన్న ప్యాడు పైకి ఉబ్బి వచ్చి సరిగ్గా ఒత్తిడి పడకూడని చోట ఒత్తుతుంది. సీటుకు తొడిగిన జెల్ కవరు చేసే పనీ ఇదే. పైగా అది అటూ ఇటూ జారుతుంది. నేనూ ఒకప్పుడు పరుపు లాంటి ప్యాడు కొని ముచ్చటపడి గోపాలపూర్ వెళ్లాను. వెళ్లేటప్పుడు సింహాసనం మీద కూర్చున్నట్టే ఉంది. తిరుగు ప్రయాణంలో సగం దారి నిలబడే తొక్కాను.

కొలత విషయంలో నిక్కరు చర్మానికి అంటుకుని ఉండాలి. ఎక్కడా ముడత పడకూడదు, తొడ దగ్గర పట్టీ నెత్తురు ఆగేంతగా బిగియకూడదు. ప్యాడు కదిలిందంటే అదే ఒరుసుకుంటుంది. వదులు నిక్కరులో మంచి ప్యాడు కంటే సరిపోయిన నిక్కరులో మామూలు ప్యాడు మేలు. వేసుకుని అద్దం ముందు నిలబడి తీర్పు చెప్పకండి. నిలుచున్నప్పుడు ఏ మంచి నిక్కరైనా పసివాడి లంగోటీలాగే ఉంటుంది. ముందుకు వంగి, హ్యాండిలు పట్టుకున్నట్టు చేతులు చాచి, ఒక మోకాలు పైకెత్తి చూడండి. అప్పుడు ప్యాడు కూర్చునే ఎముకల కిందికి రావాలి. లోపలివైపు తిప్పి కుట్లు తడమండి. చదునుగా ఉండాలి, తొడ సందులో లావుపాటి కుట్టు ఏదీ వేలికి తగలకూడదు. భుజాల మీదికి పట్టీలు వచ్చే రకం ఇంకా మంచిది. పొట్ట మీద ఎలాస్టిక్ నొక్కదు, ప్యాడు కిందికి జారదు. మూత్రానికి ఆగినప్పుడల్లా చొక్కా విప్పాల్సి రావడం ఒక్కటే దానితో ఇబ్బంది. ఆడవాళ్లకు ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ కనుక ప్యాడు ఆకారం వేరుగా ఉంటుంది. భార్యాభర్తలు ఒకే రకం రెండు కొనుక్కుంటే కుదరదు.

రెండు జతలు కొనండి. ఇంటికి రాగానే, ఫోటోలు పంపుకోవడం కంటే ముందు, నిక్కరు విప్పి స్నానం చేయండి. తడి నిక్కరుతోనే టిఫినుకు కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పుకోవడం వల్ల వచ్చిన సెగ్గడ్డలే నేను ఎక్కువ చూశాను. నిక్కరు తిరగేసి, తక్కువ ఘాటు సబ్బుతో ఉతికి, ప్యాడు వైపు గాలికి తగిలేలా ఆరేయండి. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం వాడకండి. మన సముద్రపు గాలికి వానాకాలంలో ప్యాడు రాత్రికి రాత్రి ఆరదు. పైన ఆరినట్టే ఉంటుంది, నొక్కితే లోపల చల్లగా తగులుతుంది. అలాంటప్పుడు రెండో జత వేసుకోండి. ఎక్కబోయే ముందు సైకిలువాళ్ల కోసం చేసే క్రీము తొడ సందుల్లో, ప్యాడు మీద పల్చగా రాస్తే ఒరిపిడి తగ్గుతుంది. పెట్రోలియం జెల్లీ ప్యాడులోంచి ఓ పట్టాన వదలదు. పౌడరు చెమటతో ఉండలు కడుతుంది. ఆ భాగంలో రేజరు వాడకండి. వెంట్రుకలు మరీ పెరిగితే కత్తిరించుకోండి చాలు.

ఇప్పుడున్న సెగ్గడ్డల మాట. అవి పూర్తిగా మానేదాకా సైకిలు ఎక్కకండి. వారమో పది రోజులో పోతే పోయింది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాలు కాపడం పెట్టండి. చిదమకండి. గడ్డ పెద్దదవుతున్నా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా సర్జనుకు చూపించండి. చీము పట్టిన గడ్డను కోసి శుభ్రం చేయాల్సి రావచ్చు. రెండు నెలలుగా మళ్లీ మళ్లీ లేస్తున్నాయి అంటున్నారు, వయసు 44. పరగడుపున రక్తంలో చక్కెర, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష) ఒకసారి చేయించండి. పరగడుపున 126 లేదా పైన, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా పైన వస్తే మధుమేహం కింద లెక్క, దాన్ని ఇంకోసారి నిర్ధారించుకోవాలి. మధుమేహం ఉండి ఆ ప్రాంతంలో వాపు, భరించలేని నొప్పి, జ్వరం కలిసి వస్తే తెల్లవారేదాకా ఆగకండి, రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.

ఆ ట్యూబు నాకు బాగా తెలిసిన సరుకే. మూడు నాలుగు మందులు కలిపి చేసే రకం అయి ఉంటుంది. అందులో ఒకటి స్టెరాయిడ్. క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ లాంటి పేరు పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. రాయగానే దురద, ఎరుపు తగ్గుతాయి, మీరు షాపతనికి మనసులో దండం పెట్టుకుంటారు. గజ్జల్లో ఉన్నది తామర అయితే స్టెరాయిడ్ చాటున అది లోలోపల పాకుతుంది. మానేసిన వారానికి రెట్టింపుగా లేస్తుంది. మీరు రాసింది అచ్చంగా అలాగే ఉంది. పైగా గజ్జల్లో చర్మం పల్చన, కొంతకాలం వాడితే చారలు పడతాయి, అవి పోవు. ఆపేసి, ట్యూబు చేత్తో పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇక తిమ్మిరి. ఇది నన్ను మిగతా రెండింటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. మల ద్వారానికి, వృషణాలకు మధ్య ఉన్న మెత్తటి భాగం గుండా అక్కడి స్పర్శ తెలిపే ప్యుడెండల్ నాడి కొమ్మలు, అంగానికి రక్తం తీసుకెళ్లే ధమని వెళతాయి. బరువు కూర్చునే ఎముకల మీద పడకుండా ఈ మధ్య భాగం మీద పడితే అవి సీటు ముక్కుకూ, అంటే ముందుకు సాగిన సన్నటి కొసకూ, పొత్తికడుపు కింద ముందువైపు ఉండే జఘనాస్థికీ మధ్య నలుగుతాయి. తిమ్మిరి వచ్చిందంటే నాడి నలుగుతోందన్నమాట. అందరికీ వస్తుందిలే అని మీ మిత్రులు చెప్పి ఉంటారు. నమ్మకండి. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు సైకిళ్ల మీద గస్తీ తిరిగే పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు ఆరు నెలల్లో తిమ్మిరి రాలేదని మొదట చెప్పినవారు 27 శాతం. సీటు మారాక వారు 82 శాతం అయ్యారు. మారింది సీటు, నిక్కరు కాదు.

మిమ్మల్ని ముక్కు లేని సీటు కొనమనడం లేదు. ముందు ఉన్నదాన్ని సరిచేయండి. జెల్ కవరు తీసేయండి. మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి సీటు చదునుగా ఉందో లేదో చూడండి. ముక్కు పైకి లేచి ఉంటే దించండి, రెండు డిగ్రీలు కిందికి వంచినా తప్పులేదు. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు మోకాలు సరిగ్గా తిన్నగా కావాలి. పెడలు అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువ. ఆ ఊగడం ఒరిపిడికి కూడా కారణమే. సీటు వెడల్పు తెలుసుకోవడానికి ముడతల అట్టపెట్టె ముక్క ఒకటి మెట్టు మీద పరిచి, పల్చటి నిక్కరుతో దాని మీద కూర్చుని, మడమలు ఎత్తి, ముందుకు వంగి ఒక నిమిషం ఉండండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. నడుమ దూరం స్కేలుతో కొలవండి. మగవాళ్లలో ఇది తరచుగా 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. సీటు అంతకంటే రెండు సెంటీమీటర్లు వెడల్పుండి, నడుమ గాడి ఉంటే మేలు. తొక్కేటప్పుడు పది పదిహేను నిమిషాలకోసారి అర నిమిషం లేచి నిలబడండి. తప్తపాణి ఘాటీ ఎక్కేటప్పుడు ఎలాగూ లేస్తారు. దిగపహండి వైపు చదును రోడ్డు మీదే ఆ సంగతి మరిచిపోతారు.

ఇవన్నీ చేశాక కూడా తిమ్మిరి వస్తున్నా, దిగిన గంటలోగా పోకపోయినా, మూత్రం ధారలో తేడా వచ్చినా, రక్తం కనిపించినా, అంగస్తంభనలో తేడా అనిపించినా సైకిలు పక్కన పెట్టి యూరాలజిస్టును కలవండి. చివరిది చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆర్నెల్లు ఆగినవారు నాకు తెలుసు.

మీ జనవరి రైడు బ్రెవే రకం (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడు) అయితే 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. ఆ రోజున కొత్త నిక్కరు మొదటిసారి తొడగకండి. మూడు వారాల ముందే కొని, యాభై, డెబ్బై, వంద కిలోమీటర్లు దాని మీదే తొక్కి చూడండి. ఇంకొకటి, పుండ్లు మానకముందే తప్తపాణి వెళ్లారనుకోండి, గంధకపు నీళ్లు చర్మానికి మంచివని మిత్రులు ఎంత లాగినా గుండంలోకి దిగకండి. నలుగురు మునిగే నీళ్లలో పచ్చి పుండుతో కూర్చోవద్దు. ఒడ్డున కూర్చుని టీ తాగండి.