చిన్నీ, ఈ శనివారం క్యాబ్ బుక్ చెయ్యకు

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాటే రాత్రంతా మనసులో తిరిగింది. వచ్చి 8 నెలలైంది పెద్దమ్మా, హైదరాబాద్‌లో ట్రాఫిక్, మాల్స్ తప్ప ఏముంది అన్నావు. హాస్టల్ నుంచి ఆఫీసుకి క్యాబ్, అక్కణ్ణుంచి మాల్‌కి క్యాబ్, అద్దాలు ఎక్కించుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే ఏ ఊరైనా అలాగే కనిపిస్తుంది. 40 ఏళ్లుగా ఈ ఊళ్లో బస్సులెక్కి, కాళ్లరిగేలా తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా.

ఊరంతా ఒక్క రోజులో చుట్టేద్దామనుకోకు. గోల్కొండ, ట్యాంక్‌బండ్, చార్మినార్ అన్నీ ఒకేసారి పెట్టుకుంటే రోడ్డు మీదే పొద్దుపోతుంది. ఒక్క దారి పట్టుకో. నన్నడిగితే ఎంజీబీఎస్, అదే మహాత్మాగాంధీ బస్ స్టేషన్, నుంచి చార్మినార్ దాకా, సుమారు రెండు కిలోమీటర్లు, నడిచే వెళ్లు.

9 గంటలకల్లా రాయదుర్గంలో మెట్రో ఎక్కు. అమీర్‌పేటలో దిగి ఎల్‌బీ నగర్ వైపు వెళ్లే రైలు మారితే నేరుగా ఎంజీబీఎస్‌లో దిగుతావు. అక్కణ్ణుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడువు. స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దాటి కాస్త ముందుకెళ్తే ఉస్మానియా ఆసుపత్రి, ఆ ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేసినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. నేను ఎన్నిసార్లు వెళ్లినా దాని మొదలు మీద చెయ్యి వేయకుండా రాను. అక్కడ రోగులుంటారు, ఫోటోల కోసం హడావుడి చెయ్యకు.

నయాపూల్ మీద నడిచేటప్పుడు ఆగి నదిని చూడు, వాసనకి ముక్కు మూసుకున్నా సరే చూడు. కుడివైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అందుకే శనివారం వెళ్లమన్నా. 12 కొట్టే లోపు అక్కడి గడియారం ముందుండు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. చుట్టూ కూర్చున్న జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు, పిల్లలైతే నోళ్లు వెళ్లబెట్టి లెక్కపెడతారు.

తర్వాత మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద నుంచి గుల్జార్ హౌజ్, అది దాటితే 1591 నాటి చార్మినార్. లాడ్ బజార్‌లో గాజులు కొనే తొందరలో పడకు, ముందు తయారుచేసేవాళ్ల దగ్గర నిలబడు. లక్కముద్దని బొగ్గుల సెగకి మెత్తబరిచి, గాజులా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతారు. ఆ చేతులు చూశాక బేరం ఆడటానికి నీకే మనసొప్పదు.

ఇక తిరిగొచ్చే బస్సు సంగతి. కొత్తలో నేను కోఠీలో నంబరొక్కటే చూసి ఎక్కేశా. అది నాకు కావాల్సిన బస్సే కానీ ఎదురు దిక్కుకి పోయేది, అరగంట తర్వాత గానీ తెలియలేదు, చీకటి పడుతుంటే ఏడుపొచ్చింది. కోఠీలో ఒక్కో వైపు బస్సు ఒక్కోచోట ఆగుతుంది, కాబట్టి నంబరుతో పాటు ఎటు పోతుందో కండక్టర్‌ని అడిగే ఎక్కు. అడగడానికి మొహమాటపడకు, ఈ ఊళ్లో జనం తెలుగులో అడిగినా హిందీలో అడిగినా చేయి చూపించి మరీ చెప్తారు. నీకు కోఠీలో 127కె దొరుకుతుంది, కొండాపూర్ బస్సు, మాదాపూర్ మీదుగానే పోతుంది. మహాలక్ష్మి ఉచిత టికెట్ తెలంగాణ అడ్రసు ఉన్న ఆడవాళ్లకే, నీ ఆధార్ మీద ఇంకా ఒంగోలే ఉంది కదా, చిల్లర దగ్గర పెట్టుకో. ముందువైపు ఆడవాళ్ల సీట్లుంటాయి, కిటికీ పక్కన కూర్చో.

ఫుట్‌పాత్‌లు చాలాచోట్ల ఉండవు, ఉన్నా బళ్లు పెట్టేసి ఉంటాయి, కాబట్టి షూ వేసుకో, రోడ్డు నలుగురితో కలిసి దాటు. నీళ్ల సీసా మర్చిపోకు. కాళ్లు నొప్పెడితే చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో అరగంట కూర్చో, ఎవరూ లేవమనరు.

హాస్టల్ చేరగానే ఫోన్ చెయ్యి. గడియారం బొమ్మని చూశావా లేదా అని ముందు అదే అడుగుతా.

పెద్దమ్మ