ఇంకా ఏం కొనాలని అడిగిన అమ్మాయికి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ పరాయి దేశం వచ్చి ఆరు నెలలైందన్నారు. వెదురు టూత్‌బ్రష్‌లు, గాజు సీసాలు, స్టీలు స్ట్రాలు, గుడ్డ సంచులు అన్నీ కొన్నారట. పర్యావరణానికి హాని చేయకుండా బతకాలంటే ఇంకా ఏమేం కొనాలో చెప్పమన్నారు. బట్టలు ఆరబెట్టే డ్రైయర్ సంగతీ అడిగారు. చివర్లో, రాయనా వద్దా అన్నట్టు ఒక్క వాక్యం రాశారు: "మా ఆయన పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు, పగలంతా మాట్లాడే మనిషి లేదు." నా జవాబు ఎక్కువగా ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది, ఏమీ అనుకోకండి. నేను దేశం వదిలి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ విషయంలో చేయదగ్గ తప్పులన్నీ చేశాను, ఒక్కొక్కటే దిద్దుకున్నాను. ఇవాళ మా నలుగురి ఇంట్లో వారానికి ఒక చిన్న సంచీడు చెత్త కూడా పోగవదు. కాబట్టి చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

2003లో వచ్చాను. మొదటి చలికాలంలో నేను అందరికీ గొప్పగా చెప్పుకున్న పని బల్బులు మార్చడం. 60 వాట్ల పాత బల్బులు తీసేసి 14 వాట్ల సీఎఫ్ఎల్ బల్బులు పెట్టాను. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు లైటు ఆర్పడం మా ఆయన మర్చిపోతే గొడవ పెట్టుకునేదాన్ని. అదే ఇంట్లో, హాల్లో 1500 వాట్ల హీటరు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆగకుండా నడిచేది. ఆ లెక్క చాలా ఏళ్ళ తర్వాత గానీ వేసుకోలేదు. రోజుకి ఐదు గంటలు వెలిగే బల్బు మార్చినందుకు నాకు మిగిలింది పావు యూనిట్ కూడా లేదు. హీటరు మింగింది రోజుకి 15 యూనిట్లు.

నిజానికి ఇంట్లో అంత చలేమీ లేదు. స్వెట్టర్ వేసుకుంటే సరిపోయేది. ఇల్లు వెచ్చగా ఉంటే ఎవరో ఉన్నట్టు అనిపించేది, అందుకని వేసేదాన్ని. స్నానం కూడా అంతే. వేడినీళ్ళ కింద ఇరవై నిమిషాలు అలా నిలబడిపోయేదాన్ని. ఏడవాలంటే అక్కడైతే ఎవరికీ వినపడదు. షవర్‌లోంచి నిమిషానికి 10 లీటర్లు వస్తాయనుకుంటే 200 లీటర్ల నీళ్ళు. వాటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి 8 యూనిట్లకి పైగా కరెంటు కావాలి. అదే కరెంటుతో 10 వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రింబవళ్ళు నెల రోజులకి పైగా వెలుగుతుంది. నేను బల్బుల గురించి మా ఆయనతో పోట్లాడుతూ, ఆ నెల రోజుల వెలుగుని ఒక్క స్నానంలో పారబోశాను.

అందుకే ముందు ఏది పెద్దదో, ఏది చిన్నదో తెలుసుకోండి. ఇల్లు వెచ్చబెట్టడం, నీళ్ళు కాగబెట్టడం, కారు, విమానం, ఏం తింటాం, ఎంత పారేస్తాం. ఇవి పెద్దవి. స్ట్రాలు, టూత్‌బ్రష్‌లు వీటి ముందు చాలా చిన్నవి. కొన్నవి ఎలాగూ కొన్నారు, అరిగిపోయేదాకా వాడండి. ఇల్లంతా వెచ్చబెట్టకుండా మీరు కూర్చునే ఒక్క గది చూసుకోండి. మిగతా గదుల తలుపులు వేసేయండి, తలుపు కింద సందుకి పాత దుప్పటి చుట్టి పెట్టండి, చీకటి పడగానే మందపాటి కర్టెన్లు దించండి. బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంపు అయితే ఒక యూనిట్ కరెంటుతో ఇంచుమించు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది గానీ, అద్దె ఇంట్లో అది మీ చేతిలో ఉండదు. సొంతిల్లు కొనేనాటికి గుర్తుపెట్టుకోండి. సబ్సిడీలు, అద్దె ఒప్పందంలో ఏది మార్చొచ్చు ఏది మార్చకూడదు అనేవి మీ మున్సిపాలిటీ సైట్లో, మీ కాగితాల్లో ఉంటాయి, చూసుకోండి.

ఇక చెత్త. మా వీధిలో ఎనిమిది నెలలపాటు మా తలుపు తట్టిన మనిషి లేదు. మొదటిసారి తట్టిన పెద్దావిడ చెత్తడబ్బా గురించే వచ్చింది. బాణాల త్రికోణం, దాని మధ్యలో అంకె కనిపిస్తే చాలు, నేను ఆ వస్తువుని రీసైక్లింగ్ డబ్బాలో వేసేసేదాన్ని. పెరుగు డబ్బాలు, జిడ్డు ట్రేలు, పల్చటి కవర్లు, విరిగిన బొమ్మలు, అన్నీ. వేసినప్పుడల్లా మంచి పని చేశాననే తృప్తి. ఆ రోజు బండివాళ్ళు మా డబ్బా ఖాళీ చేయకుండా, దాని మీద ఒక స్టిక్కరు అంటించి వెళ్ళిపోయారు. ఆవిడ నన్ను డబ్బా దగ్గరికి తీసుకెళ్ళి, మూత తీసి, ఒక్కో వస్తువూ పైకెత్తి చూపిస్తూ అరగంట చెప్పింది. ఆవిడ యాస నాకు సగమే అర్థమైంది. ఆ సగమే ఇన్నేళ్ళూ ఉపయోగపడింది.

ఆ అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమవాళ్ళే పెట్టుకున్న గుర్తు. మళ్ళీ వాడకంలోకి తెస్తామనే హామీ అందులో లేదు. 1, 2 అంకెలున్న సీసాలు చాలాచోట్ల తీసుకుంటారు. మిగతావి ఊరిని బట్టి మారతాయి. జిడ్డు డబ్బా ఒకటి పడితే పక్కనున్న శుభ్రమైన కాగితాలు కూడా పాడైపోతాయి. 2017లో అచ్చైన ఒక పరిశోధన ప్రకారం, 2015 దాకా ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమే. అనుమానంగా ఉన్నదాన్ని రీసైక్లింగ్‌లో వేయకండి. అసలు ఇంట్లోకి రానివ్వకపోతే ఇంకా మంచిది.

ఆవిడ వెళ్ళాక డబ్బా కడుగుతూ కూర్చున్నాను. సిగ్గేసింది. దానికన్నా ఎక్కువగా, ఒక మనిషితో అరగంట మాట్లాడాననే సంతోషం. ఆ వారంలోనే కర్టెన్లు వేయడానికి నిచ్చెన కొందామనుకుంటున్నాం. కొనకుండా ఆవిడ ఇంటికి వెళ్ళి అడిగాను. ఇచ్చింది. తిరిగి ఇవ్వడానికి వెళ్తే కూర్చోమంది. పర్యావరణం గురించి నేను నేర్చుకున్న అసలు పాఠం అక్కడ మొదలైందమ్మా. ఎవరూ తెలియనివాళ్ళం కాబట్టే ప్రతిదీ కొంటాం. నిచ్చెన, డ్రిల్లు, కార్పెట్ కడిగే మెషిను, అదనపు పరుపు, పెద్ద సూట్‌కేసు. ఏడాదికి రెండుసార్లు వాడే వస్తువులు ఒక్కో ఇంట్లో ఒక్కోటి మూల పడి ఉంటాయి. ఆ ఇనుము, ఆ ప్లాస్టిక్, తయారుచేసిన కరెంటు, మోసుకొచ్చిన ఓడ, అన్నిటికీ లెక్కుంది. ఫోన్లు, లాప్‌టాప్‌ల విషయంలో వాటివల్ల వచ్చే కాలుష్యంలో ఎక్కువ భాగం మనం వాడేటప్పటిది కాదు, తయారీలోదే. అందుకే మా ఇంట్లో ఫోను పాడైతే బాగుచేయించుకుంటాం, కొత్త మోడల్ వచ్చిందని మార్చం. పిల్లల ఉయ్యాల, బట్టలు, చలికోట్లు, సైకిళ్ళు అన్నీ ఎవరో ఒకరి దగ్గర్నుంచి వచ్చినవే, తర్వాత ఇంకొకరికి వెళ్ళినవే. కారులో పిల్లల సీటు మాత్రం బాగా తెలిసినవాళ్ళ దగ్గర తప్ప తీసుకోకండి. అది ఏ ప్రమాదంలో దెబ్బతిందో పైకి కనపడదు.

సంచుల గురించి కూడా చెప్పేస్తాను. ఒకప్పుడు మా అల్మారాలో నలభై గుడ్డ సంచులుండేవి. మర్చిపోయి వెళ్ళడం, అక్కడ ఇంకోటి కొనడం. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క కట్టింది: వాతావరణం వేడెక్కడం వరకు చూస్తే, పల్చటి ప్లాస్టిక్ సంచి ఒక్కసారి వాడి పారేసిన దానికి సమానం కావాలంటే ఒక నూలు సంచిని 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి పట్టే నీళ్ళు, ఎరువులు, నేత ఖర్చు అలాంటివి. నా నలభై సంచులకి 5,240 సార్లు. వారానికి రెండు సంచుల చొప్పున వాడితే యాభై ఏళ్ళు. కాలవల్లో, సముద్రంలో ప్లాస్టిక్ చేసే హాని వేరే సంగతి, అందుకని ప్లాస్టిక్ వాడమని నేను అనడం లేదు. మూడు సంచులు చాలు. ఒకటి ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో ఉండనివ్వండి.

వంట దగ్గర నా తప్పు ఇంకా పెద్దది. ఇద్దరమే ఉన్నా చెయ్యి అలవాటు కొద్దీ ఆరుగురికి వండేదాన్ని. ఎవరైనా వస్తారేమో అని మనసులో ఎక్కడో ఉండేదనుకుంటాను. ఎవరూ రారు. ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజులాగి పారేసేదాన్ని. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ళలోనే పోయింది. చెత్తకుప్పల్లో గాలి ఆడకుండా కుళ్ళితే దాన్నుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. వందేళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడి పుట్టిస్తుంది. ఇప్పుడు నేను ఇద్దరికి వండితే ఇద్దరికే వండుతాను, నలుగురికి వండితే ఇద్దరిని పిలుస్తాను. పారేయడం దాదాపు ఆగిపోయింది.

ఇంకో తప్పు చెప్పాలి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. రెండో ఏడు, మనవాళ్ళ ఇంట్లో ఒక పార్టీలో పేపర్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు చూసి, అందరి ముందూ ఆ ఇల్లాలిని పట్టుకుని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. నేను చెప్పిన విషయంలో తప్పు లేదు. ఆవిడ పసిపిల్లని చంకలో వేసుకుని ముప్పైమందికి ఒక్కతే చేసుకుంటోందని నేను చూడలేదు. తర్వాత మూడు నెలలు ఎవరూ ఫోన్ చేయలేదు, పిలవలేదు. ఆ మూడు నెలలు మళ్ళీ హీటరు, మళ్ళీ ఇరవై నిమిషాల స్నానాలు. చివరికి ఒక మూతపడుతున్న క్యాంటీన్ నుంచి అరవై పాత స్టీలు ప్లేట్లు తెచ్చి, ఆవిడకే ఫోన్ చేసి క్షమించమన్నాను. ఈసారి మీ ఇంట్లో ఏదైనా ఉంటే ఇవి తెస్తాను, కడగడం కూడా నాదే అన్నాను. ఆ ప్లేట్లు ఇప్పటికి పద్దెనిమిదేళ్ళకి పైగా పదకొండు ఇళ్ళ మధ్య తిరుగుతున్నాయి. పోయినవి నాలుగే. మీ వయసులో కోపం త్వరగా వస్తుంది, తెలిసింది చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. ప్లేట్లు కడగడానికి వెళ్ళండి.

విమానాల సంగతి మీరు అడగలేదు, భయపడి అడగలేదేమో. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం కారు లేకుండా బతికితే ఏడాదికి సుమారు 2.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన కాలుష్యం తగ్గుతుంది. అట్లాంటిక్ దాటి వెళ్ళొచ్చే ఒక్క విమాన ప్రయాణం మానుకుంటే 1.6 టన్నులు. పాలు, గుడ్లు కూడా మానేసి పూర్తిగా మొక్కల నుంచి వచ్చే ఆహారానికి మారితే ఏడాదికి 0.8. మనం ఇంటికి వెళ్ళొచ్చే దూరం తరచుగా అంతకన్నా ఎక్కువే. ఈ అంకెలు చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మొదట్లో ఒంటరితనం భరించలేక ఒకే ఏడాది మూడుసార్లు వెళ్ళొచ్చినదాన్ని. ఆ అపరాధభావంతో తర్వాత మూడేళ్ళు అసలు వెళ్ళలేదు. నాన్నకి ఒక కన్ను పూర్తిగా కనిపించడం లేదని ఫోన్‌లో నాకెవరూ చెప్పలేదు. వెళ్ళాకే తెలిసింది, నేను ఎదురుగా నిలబడినా గుర్తుపట్టడానికి తల తిప్పి చూశారు. అందుకని నేను మీకు వెళ్ళొద్దని చెప్పను. పది రోజులకి రెండుసార్లు వెళ్ళే బదులు నెలన్నరకి ఒక్కసారి వెళ్ళండి. వీలైతే మధ్యలో దిగాల్సిన పని లేని విమానం చూడండి, పైకి లేచేటప్పుడే ఇంధనం ఎక్కువ కాలుతుంది. మిగతా ఏడాది ఇక్కడ కారు తగ్గించి కొంత తీర్చుకోవచ్చు. నేను రోజూ బస్సెక్కడం ఆ ఏడాదే మొదలుపెట్టాను. ఒకే బస్సులో ఆరేళ్ళు ప్రయాణం చేసిన ఒకావిడ మా పెద్దమ్మాయి పుట్టినరోజుకి వచ్చింది. కారులో వెళ్తే ఆ పరిచయమే ఉండేది కాదు.

ఇక మీరు అడిగిన డ్రైయర్ గురించి. మామూలు డ్రైయర్ ఒక విడత బట్టలకి సుమారు 3 యూనిట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తీసుకుంటుంది. హీట్ పంపు రకం అందులో ఇంచుమించు సగమే తీసుకుంటుంది. స్టాండు మీద ఆరేస్తే ఏమీ అక్కర్లేదు గానీ, మూసిన గదిలో ఆరేస్తే గోడలకి బూజు పడుతుంది. రోజుకి రెండుసార్లు పది నిమిషాలు కిటికీ బార్లా తెరవండి. ముందు వాషింగ్ మెషిన్‌లో నీళ్ళు బాగా పిండే స్పీడు పెట్టుకోండి, సగం పని అక్కడే అయిపోతుంది. స్టాండు మాత్రం వెంటనే కొనకండి. మీ పక్కింటివాళ్ళ దగ్గర వాడనిది ఒకటి ఉండే ఉంటుంది. శనివారం పొద్దున పదింటికి వెళ్ళి అడగండి, ఆ వేళకి అందరూ లేచి ఉంటారు.